పరిశోధన వ్యాసమును కట్టు విధము



మన యూళ్లనుండి నేడు పలువురు యువకులును యువతులును విశ్వవిద్యాలయములకు పోయి పరిశోధనము చేయుచున్నారు. ఎం.ఏ. పరీక్షలో గెలిచిన పిమ్మట మరల నాలుగైదేండ్లు ఏదో వ్రాయుచుండుట చూచి, “ఇంకను ఎంతకాలము చదువుదువు నాయనా? నీ పరీక్ష యెప్పుడు?” అని తాతలు మనుమల నడుగుట నేనెరుగుదును. డాక్టరు పట్టము కొఱకు చేయు ఈ చదువునకు ప్రధానమైన పరీక్ష ఒక వ్యాసమే. నిబంధనల ప్రకారము దానికి కనీసము 3 సంవత్సరములు పట్టును. సామాన్యముగా 6 సంవత్సరములలోపల ముగింపవలయును.

ఆ వ్యాసము వ్రాయు విధమును విద్యార్థులకు గాక మాకేల చెప్పవలయునని మీరనవచ్చును. కారణము కలదు. చరిత్రయు, భాషయు, వ్యవసాయమును పరిశోధించు పిల్లలు నేడు మీ యరుగులపైకి వచ్చి కూర్చుండుచున్నారు. పాత సంగతుల నడిగి, మీ మాటలను చేతి ఫోనులో పట్టుకొనిపోవుచున్నారు. ఆ మాటలు వ్యాసములోని కెక్కి గ్రంథాలయమున నిలుచును. ఏబది యేండ్ల తరువాత వచ్చువాడు వానినే ప్రమాణముగా గ్రహించును. కనుక ఆ కట్టడములో మీ చేతి రాయియు నున్నది. కట్టడమెట్టిదో తెలిసినయెడల ఆ రాయి సరియైన చోట పడును.

కట్టడమన్నప్పుడు ఒక చెరువును జ్ఞాపకము చేయుదును. కడప సీమలోని పోరుమామిళ్లయందొక పెద్ద చెరువు కలదు. విజయనగర ప్రభువగు మొదటి బుక్కరాయల కుమారుడు భాస్కరుడు దానిని కట్టించెను. 1369వ సంవత్సరపు శాసన మొకటి దానిని గూర్చి వివరముగా చెప్పుచున్నది. ప్రతిదినము వేయిమంది పనివారును, రాళ్లు మోయు నూరు బండ్లును పనిచేయగా రెండేండ్లకు ఆ కట్టడము ముగిసెనని అందు గలదు. అంతటితో విడువక, మంచి చెరువునకు వలసిన 12 అంగములను, దానికి రాగూడని 6 దోషములను ఆ శాసనము లెక్కించినది. కట్టనుండి నీరూరుట, చవిటి నేల, రెండు రాజ్యముల పొలిమేరయందుండుట, చెరువు నడుమ తాబేటి వీపువలె మిట్ట లేచియుండుట, నీరు కొద్దియై సాగునేల మెండగుట, నీరు మెండై సాగునేల కొద్దియగుట - ఇవియే ఆ దోషములు. పరిశోధన వ్యాసములు చెడిపోవుటకు గల కారణములును ఇంచుమించుగా నివియే. వానిని తప్పించుకొనుచు వ్యాసమును కట్టు క్రమము నిప్పుడు చెప్పుదును.

మొదటి పని ప్రశ్నను నిర్ణయించుకొనుట. విషయము వేరు, ప్రశ్న వేరు. “చెరువులు” అనునది విషయము. “మా యూరి చెరువులో నీరు చాలని యేండ్లలో ఏ పొలమునకు ముందు నీరిచ్చిరి? ఆ వరుసను ఎవరు నిర్ణయించిరి?” అనునది ప్రశ్న. విషయమునకు తుది లేదు. ప్రశ్నకు జవాబు గలదు. ఆ జవాబును సాక్ష్యముతో నిరూపించుటయే వ్యాసము. ఎన్ని సంగతులు తెలిసినను ప్రశ్న లేనిచో అది సంగతుల కుప్ప యగును గాని వ్యాసము కానేరదు.

ప్రశ్నకు చోటును కాలమును గూడ హద్దులుగా నుండవలయును. “ఆంధ్రదేశపు చెరువుల చరిత్ర” అని పేరు పెట్టి, చేతిలో మూడు చెరువుల సమాచారము మాత్రమే యున్నయెడల అది నీరు కొద్దియై సాగునేల మెండైన దోషము. ఇరువది యూళ్ల లెక్కలు పోగుచేసి, “చెరువు రైతునకు ఉపకారి” అను ఒక్క మాటతో ముగించినచో అది రెండవ విధమైన దోషము, నీరంతయు వృథా. మన ప్రశ్నను ఒక్క గ్రామమునకు, 1950 మొదలు 1984 వఱకు గల కాలమునకు పరిమితము చేయుద మనుకొందము. 1984 ఏల యనగా, ఆంధ్రప్రదేశమున వంశపారంపర్యపు కరణీకములు ఆ సంవత్సరముననే తొలగింపబడినవి. లెక్కలు వ్రాయు చేతులు మారినచో సాక్ష్యపు స్వభావమును మారును. హద్దు పెట్టునప్పుడు ఇట్టి కారణ మొకటి చూపవలయును.

ముందే యెల్లరకు తెలిసిన జవాబును వెదకుటయు, ఎంత వెదకినను సాక్ష్యము దొరకని ప్రశ్నను పట్టుకొనుటయు చవిటి నేలలో విత్తుట వంటివి. సగము ఇంజనీరింగు, సగము చరిత్రయైన ప్రశ్నను చేపట్టి, ఏ శాఖ పద్ధతిలో జవాబు చెప్పవలయునో నిర్ణయింపక పోవుట పొలిమేర చెరువు దోషము. అట్టి వ్యాసమును రెండు శాఖల పండితులలో నెవరును తమదిగా నెంచరు. ఈ నిర్ణయములన్నియు వ్రాతకు ముందే, పరిశోధనమును నడిపించు గురువుతో కూర్చుండి చేసికొనవలయును.

రెండవ పని, పూర్వులు చేసిన పనిని చూచుట. అదే ప్రశ్నను మరియొకడు ముందే సాధించియుండవచ్చును. లేక సగము సాధించి విడిచియుండవచ్చును. మన దేశపు విశ్వవిద్యాలయములకు సమర్పింపబడిన వ్యాసములు వేలకొలదిగా నేడు శోధ్‌గంగ యను భాండాగారమున నెవరైనను చదువుకొనుటకు వీలుగా నున్నవి. వానిని చదివి, వారు చెప్పినదేమి, చెప్పక విడిచినదేమి యని రెండు భాగములుగా వ్రాసికొనవలయును. విడిచిన చోటనే క్రొత్తవాని పని ప్రారంభమగును.

మూడవ పని సాక్ష్యములను కూర్చుట. ఇందు శ్రద్ధకంటె క్రమము ముఖ్యము. ఒక్కొక్క సంగతిని ఒక్కొక్క చీటీపై వ్రాయవలయును. ఆ చీటీపై సంగతితోపాటు అది యెక్కడిది, ఏ కాగితము, ఎన్నవ పుట, చెప్పినవారెవరు, ఏ దినమున చెప్పిరి అను వివరము లుండవలయును. చీటీకి మారుగా కంప్యూటరులో వ్రాసికొన్నను నియమ మిదియే. నేడు పది నిమిషముల పనియని విడిచిన వివరము, రెండేండ్ల తరువాత పది దినములు వెదకినను దొరకదు. పాత లెక్కలలో ఫసలీ సంవత్సరములుండును. మదరాసు రాజధాని పద్ధతిలో ఫసలీ 1360 అనగా 1950 జులై మొదలు 1951 జూను వఱకు. ఫసలీ అంకెకు 590 కలిపినచో ఆ సంవత్సరము ప్రారంభమైన క్రీస్తు శకము వచ్చును. ఇది తెలియక వ్రాసినచో కఱవు ఒక యేడు, నీటి తగవు మరియొక యేడు నగును.

నోటిమాటలను సాక్ష్యముగా గ్రహించుట మనకు క్రొత్త గాదు. కాలిన్ మెకంజీ యను దొర 1783లో ఈ దేశమునకు వచ్చి, 1821లో మరణించువఱకు ఇచటి చరిత్ర సామగ్రిని సేకరించెను. కావలి వెంకట బొఱ్ఱయ్య, లక్ష్మయ్య సోదరులు అందులకు గొప్ప సాయము చేసిరి. ఆ సేకరణములోనివే గ్రామ కైఫీయత్తులు. మన పూర్వులు నాడు చెప్పిన మాటలు అందు నేటికిని నిలిచియున్నవి. అయితే కైఫీయత్తులో నున్నదంతయు జరిగినదని పరిశోధకుడు నమ్మడు. దానిని శాసనముతోను, లెక్కతోను, మరియొక గ్రామపు మాటతోను సరిచూచును. ఒకటి రెండింటితో కలిసినచో బలము. కలియనిచో ఆ భేదమును దాచక వ్యాసములో వ్రాయవలయును.

నాలుగవ పని ప్రకరణముల పథకము. చీటీలు దొరికిన వరుసలో వ్యాసము వ్రాయగూడదు. ప్రశ్న కోరిన వరుసలో వ్రాయవలయును. మన చెరువు వ్యాసమునకు వరుస యిట్లుండవచ్చును: మొదటి ప్రకరణమున ప్రశ్నయు దాని హద్దులును; రెండవదాన పూర్వుల కృషి; మూడవదాన గ్రామము, చెరువు, తూములు, అలుగు, ఆయకట్టు, సాక్ష్యములను సేకరించిన విధము; నాలుగవదాన మంచి వానలు కురిసిన యేండ్లలో నీటి పంపకము; అయిదవదాన నీరు చాలని యేండ్ల పంపకమును, తగవులును, తీర్పులును; ఆరవదాన జవాబు. నాలుగవది ముందు రానిదే అయిదవది తెలియదు. సామాన్యస్థితి నెరిగినవానికే మార్పు కనబడును.

పథకమును పరీక్షించుటకొక సులభోపాయము గలదు. ఒక్కొక్క ప్రకరణము ఏమి నిరూపించునో ఒక్కొక్క వాక్యములో వ్రాసి, ఆరు వాక్యములను వరుసగా చదువవలయును. కథవలె ఒకదానినుండి యొకటి పుట్టినచో పథకము మంచిది. ఒక వాక్యమును తీసివేసినను తక్కినవి చెడనిచో ఆ ప్రకరణము చెరువు నడుమ మిట్ట. చెరువుగట్టుమీది దేవాలయపు శిల్పము ఎంత సుందరమైనను, నీటి పంపకమునకు సంబంధము లేనిచో ఈ వ్యాసమున దానికి చోటు లేదు. చెరువునకు అలుగున్నట్లు వ్యాసమునకు అనుబంధ ముండును. అవసరమే యైనను నడకకు అడ్డువచ్చు పట్టికలను, తీర్పుల నకళ్లను అందులోనికి పంపవలయును.

అయిదవ పని వ్రాత. పథకము సిద్ధమైన పిమ్మట సాక్ష్యపు ప్రకరణములను ముందు వ్రాసి, ఉపోద్ఘాతమును చివర సరిదిద్దుట మేలు. ఏమి నిరూపించితిమో తెలిసినప్పుడే గదా దానిని చదువరికి ముందుగా చెప్పగలము. ఒక పేరాలో ఒక్క సంగతియే యుండవలయును. పరుల మాటను గ్రహించినప్పుడు వారి పేరును, పుటను అడుగున సూచింపవలయును. ఆధారము చూపని వాక్యము కట్టలోని సందు వంటిది; మొదట తడిగా కనబడి, తుదకు గండియగును. పరుల వ్రాతను తనదిగా చూపుట దొంగతనమే. 2018లో వచ్చిన విశ్వవిద్యాలయ నిబంధనల ప్రకారము వ్యాసములో నూటికి 60 పాళ్లకు మించి ఇతరుల వ్రాతతో పోలికయున్నచో విద్యార్థి నమోదే రద్దగును.

కడపటి ప్రకరణమున క్రొత్త సాక్ష్యము తేగూడదు. మొదట అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పి, ఆ జవాబు ఎంతవఱకు చెల్లునో, ఏది తేలక మిగిలెనో స్పష్టముగా చెప్పవలయును. ఒక గ్రామమున నిరూపించినదానిని దేశమంతటికి చాటగూడదు. తేలనిదానిని తేలలేదని చెప్పుట వ్యాసమునకు లోపము కాదు.

ఇంతవఱకు విద్యార్థి పని చెప్పితిని. ఇక మీ పని. నేను విద్యార్థిగా నుండగా ఒక గ్రామమున వృద్ధుడగు నీరుగంటి నడిగి, కఱవు యేట తుది పొలములకే ముందు నీరిచ్చిరని వ్రాసికొంటిని. ఆయన మాట స్పష్టము, జ్ఞాపకము దృఢము. మరియొకరి నడుగనైతిని. వ్యాసము ముగిసిన పిమ్మట ఆ తుది పొలముల రైతొకరు చదివించుకొని విని, “అయ్యా, ఆ యేడు మా పైరెండిపోయినది, మా నాయన ఎద్దుల నమ్మినాడు” అనెను. మరల పోయి యడుగగా నీరుగంటి నిదానముగా నిట్లనెను: “ఆ యేడు నేను ఊర లేను నాయనా. మా యన్న చెప్పినది చెప్పితిని. నీవు, చూచితివా యని యడుగలేదు గదా.” ఆయన అబద్ధమాడలేదు. ఆ ప్రశ్న వేయకపోవుట నా తప్పు. కాని నా వ్రాతవలన ఒక కుటుంబము పడిన కష్టము కొంతకాలము కాగితముపై లేకపోయెను. తరువాత దిద్దితిని గాని ఆ సిగ్గు నేటికిని పోలేదు.

కావున మీకు మూడు మనవులు. మీ యొద్దకు పిల్లలు వచ్చినప్పుడు కన్నులార చూచినదానిని చూచితిననియు, విన్నదానిని ఎవరివలన వింటిరో వారి పేరుతోను, ఊహించినదానిని ఊహ యనియు వేరువేరుగా చెప్పుడు. అడుగుట వారు మఱచినను మీరు మఱువకుడు. రెండవది, ఊరిలో వేరువిధముగా చెప్పువారున్నచో వారి యింటికి గూడ పంపుడు. పై తూము రైతు మాటయు, తుది కాలువ రైతు మాటయు రెండును కావలయును. మూడవది, పూర్వపు కరణముల, పట్వారీల యిండ్లలో మిగిలిన పాత కాగితములను చెదలకు విడువక చూపుడు. కాగితమును ఇచ్చివేయ నక్కరలేదు. ఫోటో తీసికొననిచ్చినచో చాలును. వ్యాసము ముగిసిన పిమ్మట మీ మాటలున్న పుటలను తెచ్చి చదివి వినిపింపుమని యడుగుడు. అది మీ హక్కు. విద్యార్థికి అంతకంటె మంచి పరీక్షయు లేదు.

మంచి చెరువును కట్టినవాడు పోయినను నీరు నిలుచును. సక్రమముగా కట్టిన వ్యాసమును అట్టిదే. ఈసారి మీ మనుమరాలు “తాతయ్యా, ఆ కఱవు సంగతి చెప్పు” అని వచ్చినప్పుడు, ముందుగా “నీ ప్రశ్న యేమి తల్లీ?” అని యడుగుడు. ఆమె ఒక్క వాక్యములో చెప్పగలిగినచో పని సరియైన దారిలో నున్నదని తెలిసికొనుడు. చెప్పలేకపోయినచో కొంతసేపు కూర్చుండబెట్టి మాటలాడుడు; ఆ ప్రశ్న మీ యరుగుమీదనే తేలవచ్చును.