ఆరుబయట వృద్ధగాయకుల కచేరి

పాశ్చాత్యుల ‘రాక్’ సంగీతమనిన పడుచువారి కేకలని మనలో పెక్కుర తలంపు. 1962లో లండను నగరమున కూడిన ‘రోలింగ్ స్టోన్సు’ బృందమును నేను 2013 జూలైలో అచ్చటి హైడ్ పార్కు మైదానమున వింటిని. ఆ విషయమై నాలుగు మాటలు మనవిచేసెదను.

గోడలులేని చోట ధ్వని చెదరిపోవును గదా! పైగా అది సెకనుకు సుమారు 340 మీటర్లు మాత్రమే పోవును. 170 మీటర్ల దూరమున నున్నవానికి అరసెకను ఆలస్యముగా వినబడును. అందుచే మైదానము నడుమ స్తంభములు నిలిపి, వానికి లౌడుస్పీకర్లు కట్టుదురు. వేదికనుండి ధ్వని అచ్చటికి వచ్చునంతసేపు వానిని ఆపి పలికింతురు. అప్పుడు రెండు నాదములును ఒక్కటియై చెవిని చేరును. మన వీధిభాగవతులకు కంఠబలమును, వంతపాటయునే యీ పని చేసినవి.

ఇక వయస్సు. గాయకుడు మిక్ జాగరుకు అప్పటికి డెబ్బదియేండ్లు నిండుటకు కొలది దినములే కొఱత. డ్రమ్ములు వాయించు చార్లీ వాట్సుకు 72. ఈ మైదానముననే 1969 జూలై 5వ తేదీన, బృందస్థాపకుడగు బ్రయన్ జోన్సు గతించిన రెండునాళ్లకు, జాగరు షెల్లీ కవి స్మృతికావ్యమునుండి కొంత చదివి, పిమ్మట పాడెను.

వృద్ధులకిది తగునా యని మీరడుగవచ్చును. వాట్సు చేతులు తప్ప దేహమంతగా కదలకుండెను. కీత్ రిచర్డ్సు గిటారునకు చెవియొగ్గి లయ నడపుచుండెను. వాట్సు 2021లో గతించెను. ముదిమిచే కంఠము సన్నగిల్లవచ్చును, చేయి మందగింపవచ్చును. తోడివానిని వినుట యను విద్య యేండ్లతో పెరుగును. మీ భజనమందిరమున ముదుసలి తాళగాండ్రను ప్రక్కకు నెట్టు పడుచువారికి ఈ మాట చెప్పుడు.