సౌందర్య శస్త్రచికిత్సకు ముందు మనసు పరీక్ష

1962లో అమెరికాలోని హ్యూస్టన్ నగరంలో థామస్ క్రోనిన్, ఫ్రాంక్ జెరో అనే శస్త్రవైద్యులు సిలికోన్ జెల్ నింపిన సంచులను మొదటిసారిగా ఒక స్త్రీ రొమ్ములలో అమర్చారు. నాటి నుండి ఈ శస్త్రచికిత్స అనేక దేశాలకు వ్యాపించింది. కేన్సరు వల్ల రొమ్మును కోల్పోయిన స్త్రీకి దాన్ని తిరిగి రూపొందించడం, అధికభారంతో మెడనొప్పి, వెన్నునొప్పి అనుభవించే స్త్రీకి ఆ బరువు తగ్గించడం వైద్యావసరాలు. వాటి సంగతి వేరు. ఇక్కడ ప్రస్తావన ఆరోగ్యంగా ఉన్న అవయవాన్ని అందం కోసం మార్చుకోదలచిన స్త్రీల గురించి. శస్త్రచికిత్స బల్ల ఎక్కించే ముందు వారి మనఃస్థితిని పరీక్షించడం ఎందుకు అవసరం?

ముస్లింలకు ఇది కేవలం వైద్యుల ప్రశ్న కాదు. కులాబ్ యుద్ధంలో ముక్కు కోల్పోయిన హజ్రత్ అర్ఫజా (రజి) వెండి ముక్కు పెట్టించుకోగా అది దుర్వాసన కొట్టిందనీ, అప్పుడు బంగారు ముక్కు పెట్టించుకోమని దైవప్రవక్త (స) ఆదేశించారనీ అబూ దావూద్, తిర్మిజీ హదీసు గ్రంథాలలో ఉంది. పోయినదాన్ని పూడ్చుకోవడానికి ధర్మవేత్తలు దీన్ని ఆధారంగా చూపుతారు. కేవలం అందం కోసం అల్లాహ్ సృష్టిని మార్చడాన్ని మాత్రం వారు సమ్మతించరు. 2007లో మలేషియాలోని పుత్రజయలో సమావేశమైన అంతర్జాతీయ ఇస్లామీయ ఫిఖ్హ్ అకాడమీ ఈ రెండింటి మధ్య గీత గీసింది. మనిషికి శారీరకంగా గాని, మానసికంగా గాని హాని కలిగిస్తున్న వికృతిని తొలగించడం ధర్మసమ్మతమేనని తీర్మానించింది.

‘మానసికంగా’ అన్న ఆ మాట దగ్గరే చిక్కు వస్తుంది. ఆ బాధను తూచేదెవరు?

బాధ ఎంత ఎక్కువైతే చికిత్స అంత అవసరమని ఎవరికైనా తోస్తుంది. మనోవైద్యుల అనుభవం అందుకు భిన్నంగా ఉంది. ఇతరుల కంటికి ఆనని, లేదా అతిస్వల్పమైన లోపాన్ని తలచుకొని రోజుకు గంటల తరబడి కుమిలిపోయేవారు ఉన్నారు. మాటిమాటికి అద్దం చూసుకుంటారు, లేదా అద్దమంటేనే భయపడతారు. పెళ్ళిళ్ళకూ, పేరంటాలకూ వెళ్ళడం మానేస్తారు. ఇటలీకి చెందిన ఎన్రికో మోర్సెల్లీ 19వ శతాబ్దం చివరనే దీన్ని వర్ణించాడు. నేడు దీన్ని బాడీ డిస్మార్ఫిక్ డిసార్డర్ అంటారు. దేహరూప భ్రమ అనవచ్చు. సాధారణ జనంలో ఇది నూటికి సుమారు ఇద్దరిలో ఉంటే, సౌందర్య శస్త్రచికిత్స కోరి వచ్చేవారిలో అంతకు ఎన్నో రెట్లు కనిపిస్తుంది. వీరికి శస్త్రచికిత్స చేస్తే రోగం సాధారణంగా నయం కాదు. ఉన్న అసంతృప్తి అలాగే ఉండిపోతుంది, లేదా మరో అవయవం మీదికి మళ్ళుతుంది. అంటే అందరికంటే ఎక్కువ బాధపడుతున్న స్త్రీయే ఈ కోత వల్ల అందరికంటే తక్కువ మేలు పొందే అవకాశం ఉంది.

స్వీడన్‌లో 1965–1993 మధ్య అందం కోసం ఈ సంచులు పెట్టించుకొన్న 3,521 మంది స్త్రీల వివరాలను పరిశోధకులు పరిశీలించి 2003లో ప్రకటించారు. సాధారణ జనం లెక్క ప్రకారం వారిలో ఐదు ఆత్మహత్యలు జరిగి ఉండవలసింది, జరిగినవి 15. సిలికోనే వారిని చంపిందని దీని అర్థం కాదు. డెన్మార్క్‌లో జరిగిన మరో పరిశీలనలో, ఇలాంటి స్త్రీలు శస్త్రచికిత్సకు పూర్వమే మానసిక చికిత్సాలయాలలో చేరిన సందర్భాలు, రొమ్ము తగ్గించుకొన్న స్త్రీలలో కంటే ఎక్కువగా కనిపించాయి. రోగం వెంట తెచ్చుకొన్నవారు కొందరు ఉన్నారన్నమాట; అడిగినవాడు లేడు. ఈ చికిత్స తర్వాత చాలామంది స్త్రీలు తమ ఆకృతి పట్ల తృప్తి చెందుతున్నారన్నదీ నిజమే. పరీక్ష ఉద్దేశం అందరినీ వెనక్కి పంపడం కాదు, ఆ కొందరిని గుర్తించడం.

ఆస్ట్రేలియా వైద్య మండలి 2023 జూలై 1 నుండి దీన్ని నియమంగా చేసింది. సౌందర్య శస్త్రచికిత్స కోరేవారు ముందు సాధారణ వైద్యుని సిఫారసు తేవాలి. శస్త్రవైద్యుడు ప్రామాణికమైన ప్రశ్నావళితో దేహరూప భ్రమ ఉందేమో చూడాలి. అనుమానం కలిగితే తనతో సంబంధం లేని మనోవైద్యుని వద్దకో, మనస్తత్వ నిపుణుని వద్దకో, సాధారణ వైద్యుని వద్దకో పంపాలి. సమ్మతి పత్రం మొదటి సందర్శనంలోనే తీసుకోరాదు. తీసుకొన్నాక కూడా ఏడు రోజులు ఆగాలి. ‘తనతో సంబంధం లేని’ అన్న షరతు ముఖ్యమైనది. కోస్తేనే రుసుము దక్కే చేతికి, కోయవద్దని చెప్పే బాధ్యత కూడా అప్పగించడం న్యాయం కాదు.

మంచి పరీక్షకుడు అడిగేవి మామూలు ప్రశ్నలే. ఈ ఆలోచన రోజుకు ఎంతసేపు వేధిస్తుంది? ఎప్పటినుండో ఉన్న కోరిక ఇప్పుడే ఎందుకు తొందరైంది? ఇదివరకు ఏ చికిత్సలు చేయించుకొన్నావు? దిగులుకు మందులు వాడావా? ఇది నీ కోరికా, నీ భర్త కోరికా? ఈ చివరి ప్రశ్న భర్తను గది బయట కూర్చోబెట్టి అడగాలి. కాపురం నిలబడుతుందన్న ఆశతో వచ్చిన స్త్రీకి వైద్యుడు మచ్చను ఇవ్వగలడేగాని ఆ హామీ ఇవ్వలేడు. పైగా ఈ సంచులు జీవితాంతం ఉండేవి కావు, మళ్ళీ కోత అవసరం కావచ్చు. ఇక ప్రశ్నావళికి ఏ జవాబు చెబితే పని జరుగుతుందో తెలుసుకొని చెప్పేవారూ ఉంటారు. అందుకే కాగితం మీది జవాబు ఎదురుగా కూర్చుని మాట్లాడటానికి బదులు కాదు.

ఫత్వా అడిగే సందర్భానికీ ఇది వర్తిస్తుంది. మనోవేదన భరించలేకున్నానని ఒక సోదరి ముఫ్తీకి వ్రాస్తే, ఆ వేదన నిజమేనని నమ్మవచ్చు. దాని మూలం ఎక్కడుందన్నది మాత్రం మనోవైద్యుడు తేల్చాలి. మూలం దేహరూప భ్రమ అయితే, హానిని తొలగించడానికి ఇచ్చిన అనుమతి ఆమెకు అక్కరకు రాదు. ఎందుకంటే ఆ కోత ఆమె హానిని తొలగించదు. ఆమె రోగానికి వేరే చికిత్స ఉంది: ఆలోచనా ధోరణిని, అలవాట్లను క్రమంగా మార్చే మానసిక చికిత్స, అవసరమైతే దిగులుకు వాడే కొన్ని రకాల మందులు. గుణం కనిపించడానికి వారాలు, నెలలు పడుతుంది.