క్రీడాంగణమున దుర్భాషలు – కళాశాలల కర్తవ్యము



గడచిన వేసవిలో కోరుట్లయందలి మా పుట్టినింటికి పోయి పదిదినములుంటిని. మా ప్రక్కయింటి పిల్ల డిగ్రీ రెండవ సంవత్సరము చదువుచున్నది. ఖోఖో ఆటయందు చిన్ననాటినుండియు నేర్పరి. నేను పోయినప్పుడెల్ల ఆ పిల్ల తెల్లవారకమునుపే బూట్లు తొడిగికొని మైదానమునకు పరుగెత్తుట చూచుచుంటిని. ఈమారు వాకిట తల్లిప్రక్కన కూర్చుండి బీడీలు చుట్టుచుండెను. బూట్లేవియని యడిగితిని. పాతగుడ్డలో మూటగట్టి అటుకమీద పెట్టినదట!

కారణమడుగగా తల్లి చాటలోని తునికాకు సవరించుచు, "ఆట నేర్పే సారు అందరి ముందట ఒక మాటన్నడు సారమ్మా. గది నోటితోని జెప్పే మాట గాదు" అనెను. పిల్ల తలయెత్తలేదు. తండ్రి కళాశాలకు పోయి ప్రధానాచార్యునితో మొరపెట్టుకొనెనట. "ఆయన మంచి శిక్షకుడు, కళాశాలకు కప్పులు తెచ్చినవాడు, కోపములో ఏదో అనియుండును, నేను మందలించెదను, మీరు పొండు" అని బదులు వచ్చెను. కాగితముమీద ఒక్క యక్షరమైనను పడలేదు. వారము తిరుగకమునుపే పిల్ల పేరు జట్టులోనుండి పోయినది. ఆ కళాశాల పేరిచట వ్రాయను. ఇట్టి దోషము దాని యొక్కదానిదే కాదు.

మాట యన్నవాడు మైదానముననే యున్నాడు. మాట పడినది యింట కూర్చున్నది. ఈ తారుమారును చూచి యూరకుండలేక ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను. నేను జగిత్యాలలో కాపురముండు ఉపాధ్యాయుని భార్యను. ఆడపిల్లల గౌరవమెంత సుకుమారమైనదో, ఒక్క నిందచేత ఉపాధ్యాయుని బ్రదుకెట్లు కూలునో రెండును ఎరుగుదును. కావున ఒకప్రక్కకు మొగ్గక, కళాశాల యేమి చేయవలెనో ఆలోచింతము.

మన ప్రభుత్వము 1985వ సంవత్సరమునుండి ఉత్తమ క్రీడాశిక్షకులకు ద్రోణాచార్యుని పేర పురస్కారమిచ్చుచున్నది. భారతము చదివినవారికి ద్రోణుని రెండు ముఖములును తెలియును. అర్జునుని తీర్చిదిద్దిన గురువును ఆయనయే, ఏకలవ్యుని బొటనవ్రేలు దక్షిణగా గొన్న గురువును ఆయనయే. అడిగినంతనే శిష్యుడు వ్రేలు కోసి యిచ్చునంత అధికారము గురువునకు గలదని ఆ కథ తెలుపుచున్నది. మైదానమున శిక్షకుని యధికారము తరగతిలోని యుపాధ్యాయుని యధికారముకంటె పెద్దది. ఎవరాడవలెనో, ఎవరు వెలుపల కూర్చుండవలెనో చెప్పువాడతడే. పొరుగూరి పందెములకు పోవునప్పుడు వెంట నుండువాడతడే. పిల్ల నడకను, బరువును, ఆయాసమును గూర్చి మాటలాడు హక్కు గలవాడును అతడే. అందుచేత అతని నోట వెలువడిన బూతు, త్రోవన పోవువాడు కూసిన కూత వంటిది కాదు. త్రోవన పోవువానిని విడిచి పోవచ్చును. శిక్షకుని విడుచుట యనగా ఆటనే విడుచుట.

కౌరవసభలో ద్రౌపదిని అవమానించినవారు కొందరే. కాని ఆమె యడిగిన ప్రశ్నకు బదులీయక తలలు వంచుకొన్న పెద్దలను లోకము నేటికిని క్షమింపలేదు. ద్రోణుడును ఆ పెద్దలలో నుండెను. ఇట్టి సమయమున కళాశాల యాజమాన్యము కూర్చుండునది ఆ పెద్దల పీటమీదనే.

మన సీమలోనే జరిగినదొకటి చెప్పెదను. సాంచెల చప్పుడుతో మారుమ్రోగు సిరిసిల్లకు చేరువనున్న తంగళ్ళపల్లి మండలమందలి గిరిజన సంక్షేమ మహిళా గురుకుల డిగ్రీ కళాశాల విద్యార్థినులు 2024 సెప్టెంబరులో రహదారిమీద బైఠాయించి, తమ వ్యాయామోపాధ్యాయినిపై చర్య గొనవలెనని పట్టుబట్టిరి. నెలసరి దినములలో స్నానమునకు ఆలస్యమైనందుకు తమను దూషించి కొట్టినదనియు, చరవాణిలో చిత్రములు తీసినదనియు వారు మొరపెట్టుకొనిరి. పిమ్మట ఆమెను విధులనుండి తొలగించిరి. ఇందులో మనము గమనింపవలసినవి రెండు గలవు. ఆడుది శిక్షకురాలైనచో మన పిల్లలకు భయములేదని మనమనుకొందుము. అది నిజము కాదు. ఇక రెండవది: లోపల వినువారున్నచో ఆ పిల్లలు రహదారికి రావలసిన యగత్యమేమి?

అదే సంవత్సరము ఫిబ్రవరిలో హైదరాబాదు క్రికెట్ సంఘమునకు మహిళాజట్టు ప్రధాన శిక్షకునిమీద ఫిర్యాదు వచ్చెను. జట్టు ప్రయాణించు బస్సులో మద్యము సేవించెననియు, పరుషముగా మాటలాడెననియు ఆరోపణ. విచారణ ముగియువరకు అతడు సంఘకార్యములకు దూరముగా నుండవలెనని సంఘము ఆదేశించెను. ఆరోపణ నిజమో కాదో తేల్చుట విచారణ పని. అంతవరకు తప్పుకొనవలసినది ఎవరను ప్రశ్నకు మాత్రము అచట సరియైన సమాధానము దొరకినది. కోరుట్ల పిల్ల విషయమున జరిగినది దీనికి తలక్రిందులు.

కళాశాలలలో శిక్షకుల నోటిదురుసును గూర్చి అమెరికా దేశమున జరిగిన రెండు వ్యవహారములు మనకును పాఠము చెప్పునట్టివి. న్యూజెర్సీయందలి రట్గర్స్ విశ్వవిద్యాలయమున మైక్ రైస్ అను బాస్కెట్‌బాల్ శిక్షకుడు అభ్యాససమయమున విద్యార్థులను హీనమైన మాటలతో తిట్టుట, బంతులతో కొట్టుట దృశ్యముద్రణలో పట్టుబడెను. 2012 డిసెంబరులో విశ్వవిద్యాలయము అతనిని మూడు పోటీలకు దూరముగా నుంచి, 50,000 డాలర్ల జరిమానా విధించి, అంతటితో ముగించెను. 2013 ఏప్రిల్ మొదట ఆ దృశ్యములు దూరదర్శనమున ప్రసారమయ్యెను. మరునాడే అతనిని తొలగించిరి. మరి రెండు దినములకు క్రీడావిభాగపు అధిపతియు పదవి విడువవలసి వచ్చెను. దృశ్యములు డిసెంబరులోను ఉన్నవే. తప్పు మారలేదు, చూచినవారు మారిరి. జనము చూచినప్పుడొక శిక్ష, చూడనప్పుడొక శిక్ష విధించినచో అది న్యాయమనిపించుకొనునా?

రెండవది సెంట్రల్ మిషిగన్ విశ్వవిద్యాలయమున జరిగినది. 1993 జనవరిలో కీత్ డాంబ్రాట్ అను శిక్షకుడు నల్లజాతివారిని కించపరచు మాటను ఆటగాండ్ర ముందు వాడెను. ధైర్యశాలులను నర్థమున, పిల్లల యనుమతితోనే వాడితినని అతడనెను. మొదట అయిదు దినములు జీతము లేక నిలిపి, అలజడి పెరిగినపిమ్మట ఏప్రిల్‌లో ఉద్యోగమునుండి తప్పించిరి. అతడు న్యాయస్థానమునకెక్కెను. 1995లో వెలువడిన తీర్పు విచిత్రమైనది. తొలగింపు చెల్లునన్నది; కాని ఏ నియమమును చూపి విశ్వవిద్యాలయము దండించినదో ఆ నియమము హద్దులేక, అస్పష్టముగా నున్నందున చెల్లదన్నది. నియమము వ్రాయుటయందు నేర్పు లేకున్న దండనకు కాళ్లుండవు. ఆ శిక్షకుడు పిమ్మట వేరుచోట్ల మరల శిక్షకుడై, పెక్కు సంవత్సరములు పనిచేసి 2024లో విరమించెను. కావున దండన యనగా మనిషిని రూపుమాపుటయే కానక్కరలేదు.

ఇవి చూచినమీదట కళాశాల చేయవలసినవి నాకు తోచినంతవరకు విన్నవించుచున్నాను.

మొట్టమొదట, శిక్షకుని నియమించుదినముననే, అనగూడని మాటలెట్టివో వ్రాసియిచ్చి సంతకము గొనవలెను. కులమును, పుట్టుకను, తల్లిదండ్రులను, శరీరమును, నెలసరిని ఎత్తి పలుకరాదని స్పష్టముగా నుండవలెను. "అసభ్యముగా మాటలాడరాదు" అను ఒక్క వాక్యము చాలదు.

రెండవది, ఫిర్యాదు శిక్షకుని చేతిమీదుగా పోరాదు. విద్యార్థుల ఫిర్యాదులకై ప్రతి కళాశాలయందును సంఘముండవలెనని విశ్వవిద్యాలయ నిధుల సంఘము 2023లో నియమములు చేసినది. అందు ఒక స్త్రీయైనను ఉండవలెను. విద్యార్థి ప్రతినిధిని పిలువవలెను. పదునైదు పనిదినములలో నివేదిక యీయవలెను. మాట స్త్రీత్వమునెత్తి పలికిన అశ్లీలమైనచో, 2013 నాటి చట్టము ననుసరించి స్త్రీ యధ్యక్షురాలుగా నుండు అంతర్గత సంఘము విచారింపవలెను. దానికి ఫిర్యాదు సాధారణముగా మూడు నెలలలో చేయవలెను. దళిత, గిరిజన విద్యార్థినిని నలుగురిలో కులము పేర దూషించుట 1989 నాటి అత్యాచార నిరోధక చట్టము క్రింద నేరము; దానిని ప్రధానాచార్యుడు తన గదిలో రాజీచేయుటకు వీలులేదు.

మూడవది, విచారణ ముగియువరకు శిక్షకుడు ఆ జట్టునకు దూరముగా నుండవలెను. పిల్ల ఆట ఒక్కదినమైనను ఆగరాదు.

నాలుగవది, ఏ దినమున, ఎవరి ముందు, ఏ మాట యనెనో ఉన్నదున్నట్లు వ్రాసి అతనికిచ్చి, అతడు చెప్పుకొనునదంతయు వినవలెను. అతని సాక్షులను పిలువవలెను. ఇచ్చటనే మన ఆడువారి సిగ్గు అడ్డుపడుచున్నది. మనము పలుకలేని మాటను దోషి మరల సులభముగా "నేనట్లు అనలేదు" అని త్రోసివేయును. నోట పలుకనక్కరలేదు; కాగితముమీద ఒక్కమారు వ్రాసి, మడిచి, సంఘమునకీయవచ్చును.

అయిదవది, దండన తప్పుకు తగినట్లుండవలెను. ఓడిన కోపములో "మీకు చేతగాదు" అనుట వేరు, పిల్ల పుట్టుకను తిట్టుట వేరు. మొదటిదానికి హెచ్చరిక చాలును. రెండవదానికి వ్రాతమూలకమైన శిక్ష, జీతము నిలుపుట, ఏ జట్టు ముందు తిట్టెనో ఆ జట్టు ముందే క్షమాపణము ఉండవలెను. హెచ్చరించినను మానని వానిని, లేక ఒక్కమారైనను మానమునకు చేటు తెచ్చువానిని పనినుండి తొలగించుటయే తగినది. శిశుపాలుని నూరు తప్పులు సైరించుట కృష్ణునికి చెల్లెను, కళాశాలకు చెల్లదు. ఇక్కడ ఆ నూరు తప్పుల భారమును మోయువారు మన పిల్లలు.

ఆరవది, తేల్చినదేదో పిల్లకును తల్లిదండ్రులకును వ్రాసి తెలుపవలెను. నిందయే అబద్ధమని తేలినచో, ఏ నలుగురిలో శిక్షకుడు తలవంచుకొనెనో ఆ నలుగురిలోనే అతని నిర్దోషిత్వమును ప్రకటింపవలెను.

"కఠినముగా నున్నగాని కప్పులు రావు" అని కొందరందురు. తెల్లవారుజామున లేపి పది చుట్లు పరుగెత్తించుట కాఠిన్యము. దానిని మన పిల్లలెవరును కాదనలేదు. బూతుమాటవలన కాలి వేగము పెరుగుట నేనెచ్చటను చూడలేదు. దానివలన బూట్లు అటుకెక్కుట మాత్రము చూచితిని.

మనవంతు కూడ కొంత గలదు. ఇట్టి మాట చెవిని పడగానే "ఆట చాలు, ఇంట నుండు" అనుట మనకు సులభము. అట్లు చేసినచో తప్పు చేయనిదానికి శిక్ష వేసినవారము మనమే యగుదుము. ఇంటిలో కోపమువచ్చినప్పుడు మనమును కూతుండ్రను అవే మాటలతో తిట్టుచుందుమేమో తలచి చూచుకొందము. ఇంట అలవాటైన మాట బయట నేరమని పిల్లకెట్లు తోచును?

నేను కోరుట్ల విడుచు ముందటి రాత్రి ఆ పిల్లను కూర్చుండబెట్టి కాగితమిచ్చితిని. చాలసేపు కలము పట్టుకొని యుండెను. పిదప దినము వ్రాసెను, చోటు వ్రాసెను, విన్నవారి పేర్లు వ్రాసెను, కడపట ఆ మాట వ్రాసెను. నాకు చూపలేదు, నేనడుగలేదు. చదువురాని తల్లి ఆ మడిచిన కాగితమును చేతబట్టుకొని, "ఇంత చిన్న కాయితంల వట్టిందా?" అనెను. మరునాడు తండ్రి దానిని కళాశాలలో ఇచ్చి, అందినట్లు ముద్ర వేయించుకొని వచ్చెను. విచారణ ఇంకను జరుగుచున్నది. తీర్పెట్లుండునో నేను చెప్పజాలను. బూట్లు మాత్రము అటుక దిగినవని మొన్న మా అమ్మ చెప్పెను.