సర్వీసు బిల్లులో అదనం ఎక్కడిది?

కొత్త కారుకు మొదటి రెండు మూడు సర్వీసులు ఉచితమంటారు. ఉచితమయ్యేది మామూలుగా లేబర్ చార్జీ ఒక్కటే. ఇంజిన్ ఆయిల్, ఆయిల్ ఫిల్టర్, డ్రెయిన్ ప్లగ్ వాషర్ డబ్బులు మనమే కట్టాలి, ఆపైన 18 శాతం జీఎస్టీ. ఇవి తప్పని ఖర్చులు. బిల్లును తడిసి మోపెడు చేసేవి వేరే ఉన్నాయి: ఇంజిన్ ఫ్లష్, ఏసీ డిసిన్ఫెక్షన్, ఇంటీరియర్ క్లీనింగ్, అండర్‌బాడీ కోటింగ్. వీటిలో చాలావరకు ఓనర్స్ మాన్యువల్‌లోని సర్వీసు షెడ్యూలులో కనిపించవు. ఏది అవసరమో ముందుగా ఆ పట్టికలోనే చూసుకోవాలి, సర్వీస్ అడ్వైజర్ సలహా ఆ తర్వాత.

మెకానిక్‌కు తెలిసినంత మనకు తెలుస్తుందా అని అడగొచ్చు. నిజమే, బ్రేక్ ప్యాడ్ ఎప్పుడు అరుగుతుందో షెడ్యూలు చెప్పలేదు. అక్కడ పొదుపుకు పోతే ప్రాణాల మీదికొస్తుంది. కానీ అరుగుదలను కొలిచి చూపించొచ్చు: ప్యాడ్ మందం ఎన్ని మిల్లీమీటర్లు మిగిలిందో, ఎయిర్ ఫిల్టర్‌కు ఎంత దుమ్ము పట్టిందో. షెడ్యూలులోనూ లేక, కళ్లకూ చూపించలేని పనిని వాయిదా వేయొచ్చు. వారంటీ పోతుందంటే, ఆ షరతు వారంటీ పుస్తకంలో ఎక్కడుందో చూపమనాలి. జాబ్‌కార్డుపై సంతకం చేసే ముందే ఒక్కో పనికీ అంచనా వేయించి, అడగకుండా ఏదీ కలపొద్దని అందులోనే రాయించాలి. బిల్లు చేతికొచ్చాక వాదించడంకన్నా ఇది తేలిక. అప్పటికీ తేలకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉండనే ఉంది.