అసలు దొంగ బ్యాటరీయేనా?

తాళం తిప్పగానే 'టక్... టక్' మని చప్పుడు. అంతే, కారు మొరాయిస్తుంది. మెకానిక్ వచ్చి 'బ్యాటరీ పోయింది సార్' అంటాడు. వేలు పోసి కొత్తది వేయిస్తాం. పదిహేను రోజులు తిరక్కుండానే మళ్లీ అదే కథ!

ఎందుకిలా? బ్యాటరీ కరెంటును దాచుకునే కుండ మాత్రమే. దాన్ని నింపేది ఆల్టర్నేటర్. ఇంజిన్ తిరుగుతుంటే బెల్టు సాయంతో అదీ తిరిగి కరెంటు పుట్టిస్తుంది. లైట్లకు, ఏసీకి, వైపర్లకు సరఫరా చేస్తూనే బ్యాటరీనీ నింపుతుంది. నింపేవాడే పని మానేస్తే కుండ మార్చి ఏం లాభం?

మీటరు చెప్పే నిజం

కొన్ని వందల రూపాయలకు దొరికే డిజిటల్ మల్టీమీటర్ చాలు, దొంగను పట్టుకోవచ్చు. రాత్రంతా ఆపి ఉంచిన కారులో, పొద్దున్నే స్టార్ట్ చేయకముందు బ్యాటరీ రెండు కొసల దగ్గర కొలవండి. 12.6 వోల్టులుంటే బ్యాటరీ నిండుగా ఉన్నట్టు. 12.2 అంటే సగమే. 12 కంటే తక్కువైతే దాదాపు ఖాళీ.

ఇప్పుడు ఇంజిన్ స్టార్ట్ చేయండి. మీటరు 13.8 నుంచి 14.5 మధ్య చూపాలి. హెడ్‌లైట్లు, ఏసీ వేసి కాస్త యాక్సిలరేటర్ ఇచ్చినా 13.5కి అటూ ఇటూగా నిలబడాలి. 12 దగ్గరే ఉండి ఇంకా దిగుతుంటే చార్జింగ్ అందట్లేదన్నమాట. 15 దాటితే రెగ్యులేటర్ అదుపు తప్పినట్టు. అప్పుడు బ్యాటరీ ఉడికిపోతుంది. అయితే, ఇటీవలి కొన్ని కార్లలో కంప్యూటరే ఈ వోల్టేజీని పెంచుతూ తగ్గిస్తూ ఉంటుంది. అలాంటివాటికి మాన్యువల్‌లోని అంకెలే ప్రమాణం.

ముందు చిన్నవి చూడండి

ఆల్టర్నేటర్ మార్చేముందు ఖర్చులేని పనులు కొన్ని ఉన్నాయి. టెర్మినళ్లకు తెల్లటి పొడి పట్టిందా? ఇంజిన్ ఆపి, ముందు నెగెటివ్ తీగ, తర్వాత పాజిటివ్ తీయండి. వంటసోడా కలిపిన నీళ్లతో రుద్ది, తుడిచి, ఆరాక బిగించండి. బిగించేటప్పుడు నెగెటివ్ చివర. బెల్టు వదులైందా, పగుళ్లిచ్చిందా? ఎర్త్ తీగ తుప్పు పట్టిందా? చూసుకోండి.

చార్జింగ్ బాగానే ఉన్నా పొద్దున్నకల్లా బ్యాటరీ డీలా పడుతోందంటే, రాత్రిపూట ఏదో కరెంటు తాగేస్తోంది. డిక్కీ లైటో, విడిగా పెట్టించిన మ్యూజిక్ సిస్టమో, కెమెరానో కావచ్చు. కారు పూర్తిగా నిద్రపోయాక వాడకం సాధారణంగా 50 మిల్లీ ఆంపియర్లు దాటకూడదు.

దారిలో ఎర్రదీపం వెలిగితే...

తాళం తిప్పగానే వెలిగే బ్యాటరీ గుర్తు ఇంజిన్ అందుకోగానే ఆరిపోవాలి. ప్రయాణంలో మళ్లీ వెలిగితే, కారు బ్యాటరీలో మిగిలినదాంతోనే నడుస్తోందని అర్థం. ఏసీ, పాటలు ఆపేసి దగ్గర్లోని షెడ్డుకు చేరండి. రాత్రయితే హెడ్‌లైట్లు మాత్రం ఆపొద్దు. దీపంతోపాటు ఇంజిన్ వేడి కూడా పెరుగుతుంటే, బెల్టు తెగి ఉండొచ్చు. చాలా కార్లలో నీళ్ల పంపునూ తిప్పేది ఆ బెల్టే. వెంటనే పక్కకు ఆపాల్సిందే. లేదంటే పోయేది బ్యాటరీ కాదు, ఇంజిన్!

మరో మాట. ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ తీగ పీకి 'చార్జింగ్' పరీక్షించడం కొందరికి పాత అలవాటు. అప్పుడు ఒక్కసారిగా ఎగసే వోల్టేజీకి కారులోని కంప్యూటర్ మాడిపోవచ్చు. మీ మెకానిక్ ఆ పని చేయబోతే, ఆపి మీటరు చేతికివ్వండి.