కుళాయి కోసం ఎదురుచూసిన గొట్టం

1756లో ఎడిన్‌బరో వైద్యుడు ఫ్రాన్సిస్ హోమ్ ఆమ్లాన్ని టీస్పూన్లతో కొలిచాడు. నారబట్టను చలువ చేయడానికి వాడే బూడిదలో అసలు క్షారం ఎంతుందో తేల్చాలి. నీళ్లు కలిపిన నైట్రిక్ ఆమ్లాన్ని చెంచా తర్వాత చెంచా పోస్తూ, పొంగు ఆగేదాకా లెక్కపెట్టాడు. ఎన్ని చెంచాలు ఎక్కువ పడితే అంత మంచి సరుకు. అమ్మేవాడు ఇసుకో ఉప్పో కలిపినా ఈ లెక్క ముందు దొరికిపోతాడు.

పద్ధతి సరైనదే, కొలతే మొరటు. చెంచాలో సగం మిగిలితే ఏం చేయాలి? పొంగు ఆగిందో, మందగించిందో ఎలా చెప్పాలి? 1767లో ఇంగ్లండ్‌లో విలియం లూయిస్ రెండింటికీ జవాబు వెతికాడు. అమెరికా నుంచి వచ్చే పొటాష్‌ను పరీక్షిస్తూ, పొంగును నమ్మకుండా లిట్మస్ రంగు మారడం చూశాడు. ఆమ్లాన్ని తూకం వేశాడు. తూకం కచ్చితమే గాని, బట్టల కార్ఖానాలో అంత ఓపిక ఎవరికుంటుంది?

నూలు బట్టలకు పేరుపడ్డ ఫ్రెంచి పట్టణం రువాన్‌లో డెక్రువాజిల్ దీన్ని తేలిక చేశాడు. ఆయన 1806లో ప్రకటించిన ఆల్కలీమీటర్, గీతలు గీసిన గాజు గొట్టం. తూచడం పోయి చూసి చదవడం వచ్చింది. తర్వాత ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త గేలుసాక్ ఆ గొట్టం అడుగునుంచి మరో సన్నని గొట్టాన్ని పక్కగా పైకి లేపాడు. వంచితే దాని కొసనుంచి చుక్కలు రాలతాయి. 1824లో బ్యూరెట్ అనే పేరు వాడింది కూడా ఆయనే.

కానీ వంచిన గొట్టంలో కొలత చదవలేం. పోయాలి, నిలబెట్టాలి, చదవాలి, మళ్లీ వంచాలి. పైగా రసాయన శాస్త్రవేత్త చేయి ఒకటి దానికే కట్టుబడిపోయేది. నా దృష్టిలో బ్యూరెట్ చరిత్రంతా దాని నోటి చరిత్రే. ఎంత ఆమ్లం ఎంత క్షారంతో సరిపోతుందో సంఖ్యల్లో చెప్పే సిద్ధాంతాన్ని జర్మనీలో రసాయన శాస్త్రవేత్త రిక్టర్ 1792 నుంచే రాస్తూ వచ్చాడు. లెక్క సిద్ధంగానే ఉంది, కావలసిందల్లా చెప్పిన చోట ఆగే చుక్క.

ఆ చుక్కను ఆపినవాడు కోబ్లెంజ్ మందుల తయారీదారు కార్ల్ ఫ్రీడ్రిక్ మోర్. ఇంటర్ ప్రాక్టికల్స్‌లో మోర్ లవణం చూసినవాళ్లకు ఈ పేరు కొత్త కాదు. గొట్టాన్ని స్టాండుకు నిలువుగా బిగించి, అడుగున చిన్న రబ్బరు గొట్టం తొడిగి, దానికి లోహపు క్లిప్ పెట్టాడు. నొక్కితే కారుతుంది, వదిలితే ఆగుతుంది. అంతే! 1855లో ఆయన రాసిన అంశమాపన (టైట్రేషన్) గ్రంథంతో ఈ పద్ధతి ప్రయోగశాలలకు పాకింది.

రబ్బరుకూ తన కష్టాలున్నాయి. పర్మాంగనేట్, అయొడిన్ దాన్ని పాడుచేస్తాయి. వాటికి గాజు కుళాయి పెట్టారు. గాజు కుళాయిలో సోడియం హైడ్రాక్సైడ్ నిలవుంచితే బిగుసుకుపోయి తిరగదు. టెఫ్లాన్ కుళాయి వచ్చాకగాని ఈ తగవు తీరలేదు.

ఒక్క చుక్క కోసం ఇంత పాట్లెందుకు? 20 మి.లీ. 0.1 మోలార్ హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో అంతే గాఢత గల సోడియం హైడ్రాక్సైడ్ పోస్తున్నామనుకోండి. చుక్క సుమారు 0.05 మి.లీ. తటస్థ బిందువుకు ఒక చుక్క ముందు పీహెచ్ దాదాపు 3.9. ఒక చుక్క దాటితే 10.1. ఫినాఫ్తలీన్ గులాబీ రంగు తేలేది ఈ మధ్యలోనే. అదే సల్ఫ్యూరిక్ ఆమ్లమైతే ఒక్కో అణువు రెండు హైడ్రాక్సైడ్లను పట్టుకుంటుంది కాబట్టి, అదే గాఢతకు క్షారం 40 మి.లీ. పడుతుంది. సమీకరణం చూడకుండా లెక్క వేసేవాళ్లు తప్పేది ఇక్కడే.

బూడిద బేరం పోయినా ఈ పని పోలేదు. డెయిరీలో 10 మి.లీ. పాలకు ఫినాఫ్తలీన్ చేర్చి, 0.1 నార్మల్ సోడియం హైడ్రాక్సైడ్ పోస్తారు. ఒక మి.లీ. క్షారం 0.009 గ్రాముల లాక్టిక్ ఆమ్లానికి సమానం. 1.5 మి.లీ. పడితే 0.0135 గ్రాములు, అంటే 0.135 శాతం. తమాషా ఏమిటంటే, అప్పుడే పితికిన పాలలో లాక్టిక్ ఆమ్లం దాదాపు ఉండదు. ఆ క్షారాన్ని వాడుకునేవి కేసిన్, ఫాస్ఫేట్ల వంటివి. పులుపు మొదలయ్యాక దానిపైన చేరేదే లాక్టిక్ ఆమ్లం. అందుకే పాలు తీసుకునేవాళ్లు అంకె ఎంతుందో చూసి ఊరుకోరు, తాజా పాల అంకె మీద ఎంత పెరిగిందో చూస్తారు.