నాన్న గల్ఫ్‌లో ఉంటే కాలేజీ సీటుకి ఏ దారి?

మా నిజాంసాగర్ దిక్కు ఇంటర్ రిజల్ట్స్ వచ్చిన రోజు రాత్రి ఫోన్లన్నీ ఒకే దిక్కు మోగుతయి. దుబాయ్, మస్కట్, కువైట్, రియాద్. "పాసైన నాన్నా" అనగానే అటు నుంచి వచ్చే మొదటి మాట "సంతోషం బిడ్డా". రెండో మాట "మరి ఎంత ఖర్చయితది?"

మా నాన్న మస్కట్‌లో మేస్త్రీ. నేను ఎల్లారెడ్డిలో ఇంటర్, కామారెడ్డిలో డిగ్రీ చదివిన. ఇప్పుడు మా ఊరి తమ్ముళ్లు, చెల్లెళ్లు అప్లికేషన్లు పట్టుకొని నా దగ్గరికే వస్తున్నరు. వాళ్లు అడిగేవే ఇక్కడ రాస్తున్నా.

అక్కడ చదివితే లోకల్ కాదా?

గల్ఫ్‌లో స్కూలు చదివి వాపస్ వచ్చిన పిల్లలకి ముందు తగిలే దెబ్బ ఇదే. మన దగ్గర కన్వీనర్ కోటాలో 85 శాతం సీట్లు లోకల్ వాళ్లకే. ఇంటర్‌తో ముగిసేలా వరుసగా నాలుగేళ్లు ఇక్కడే చదివి ఉంటే లోకల్. కువైట్‌లో పన్నెండో తరగతి పాసైన మా పక్కింటి తమ్ముడు ఈ లెక్క చూసి "ఇగ మేనేజ్‌మెంట్ కోటానే" అనుకున్నడు.

కానీ మిగిలిన 15 శాతం ఉంది. ఎప్‌సెట్ రూల్స్ ప్రకారం అమ్మానాన్నల్లో ఒక్కరైనా తెలంగాణలో మొత్తం పదేళ్లు ఉన్నట్టు తహసీల్దారు సర్టిఫికెట్ తెస్తే ఆ సీట్లకు పోటీ పడొచ్చు. బయట ఉద్యోగం చేసిన కాలం ఆ పదేళ్లలో కలవదు. వాళ్లమ్మ పెళ్లికి ముందు నుంచీ ఇక్కడే ఉంది కాబట్టి సర్టిఫికెట్ ఆమె పేరు మీద తీసినం. పని అయింది.

డాక్టర్ కోర్సుకి మాత్రం లెక్క గట్టిగా ఉంది. తొమ్మిది నుంచి పన్నెండు దాకా ఇక్కడే చదవాలన్న రాష్ట్ర నిబంధనను 2025 సెప్టెంబరులో సుప్రీంకోర్టు సమర్థించింది. ఇంట్లో నీట్ రాసే ఆలోచన ఉంటే తొమ్మిదో తరగతికి ముందే మాట్లాడుకోవాలె.

పదకొండు, పన్నెండు గల్ఫ్‌లోనే చదువుతున్నవాళ్లకి ఇంకో తలుపు ఉంది. ఎన్‌ఐటీల్లాంటి సంస్థల్లో 'దాసా' స్కీమ్ కింద గల్ఫ్ కార్మికుల పిల్లలకు వేరే సీట్లున్నయి. జేఈఈ మెయిన్ ర్యాంకుతో ఇస్తరు. ట్యూషన్ ఫీజు ఇక్కడి పిల్లలతో సమానమే.

రీయింబర్స్‌మెంట్ ఎంత వస్తది?

ఈ-పాస్‌లో అప్లై చేయాలంటే కుటుంబ ఆదాయం ఎస్సీ, ఎస్టీలకు ఏడాదికి 2 లక్షల లోపు, బీసీ, ఈబీసీలకు పల్లెల్లో లక్షన్నర, పట్టణాల్లో 2 లక్షల లోపు ఉండాలె. నాన్న పంపేది కూడా ఆదాయమే, దాచి రాయొద్దు. 75 శాతం హాజరు తప్పనిసరి.

ఇంజనీరింగ్‌లో బీసీ, ఈబీసీలకు 10 వేల లోపు ర్యాంకు వస్తే పూర్తి ఫీజు. దాటితే చాలామందికి 35 వేలే. అంటే కాలేజీ ఫీజు 90 వేలనుకుంటే చేతి నుంచి ఏడాదికి 55 వేలు, నాలుగేళ్లకి 2 లక్షల 20 వేలు. హాస్టల్ వేరే. ఈ లెక్క నాన్నకు ముందే చెప్పాలె, మూడో ఏడు మధ్యలో కాదు.

ఆ డబ్బులు టైమ్‌కి వస్తయని కూడా అనుకోవద్దు. బకాయిల కోసం 2025లో ప్రైవేటు కాలేజీలు బంద్ కూడా పెట్టినయి. ఫీజు బాకీ అని నా క్లాస్‌మేట్‌కి ఒక కాలేజీ సర్టిఫికెట్లు నెలల తరబడి ఇవ్వలే. వచ్చిన ఉద్యోగం పోయింది.

అందుకే సర్కారు డిగ్రీ కాలేజీని తక్కువ చూడొద్దంటా. 'దోస్త్'లో ఒక్క రిజిస్ట్రేషన్‌తో రాష్ట్రమంతా ఆప్షన్లు పెట్టుకోవచ్చు.

మనకోసమే ఉన్న స్కాలర్‌షిప్

కేంద్రం 2006-07లో మొదలుపెట్టిన డయాస్పోరా పిల్లల స్కాలర్‌షిప్ గురించి మా ఊళ్లో ఎవరికీ తెల్వదు. ఏడాదికి 150 స్కాలర్‌షిప్‌లు. అందులో 50 ఈసీఆర్ దేశాల్లో పనిచేసే కార్మికుల పిల్లలకు. ఆ యాభైలో మూడో వంతు ఇండియాలోనే చదివే పిల్లలకు! ఒక్కొక్కరికి ఏడాదికి 4 వేల డాలర్ల దాకా. సౌదీ, ఎమిరేట్స్, ఖతార్, ఒమన్, కువైట్, బహ్రెయిన్ అన్నీ ఈసీఆర్ దేశాలే. డిగ్రీ మొదటి కోర్సుకి, 17 నుంచి 21 ఏళ్ల వాళ్లకి. ఆ ఏడాది నోటిఫికేషన్ చూసుకొనే అప్లై చేయాలె.

మిత్తి అప్పు కంటే బ్యాంకు లోను

2024 నవంబరులో కేంద్రం ఓకే చేసిన పీఎం విద్యాలక్ష్మిలో ఎంపిక చేసిన మంచి కాలేజీల్లో సీటొస్తే తాకట్టు, జామీను లేకుండా లోనిస్తరు. వేరే స్కాలర్‌షిప్ గానీ, వడ్డీ రాయితీ గానీ తీసుకోనివాళ్లకు, ఇంటి ఆదాయం 8 లక్షల లోపుంటే, 10 లక్షల దాకా లోను మీద చదువు కాలంలో 3 శాతం వడ్డీ రాయితీ. సీటొచ్చిన కాలేజీ ఆ లిస్టులో ఉందో లేదో ముందు చూడుర్రి.

ఇప్పుడే ఫోల్డర్ చేసుకోండి

ఆరు నుంచి ఇంటర్ దాకా స్టడీ సర్టిఫికెట్లు, టీసీ, కులం, ఆదాయం, నివాసం సర్టిఫికెట్లు, ఆధార్‌తో లింకైన మీ పేరు మీది బ్యాంకు ఖాతా. నాన్న పాస్‌పోర్టు, వీసా పేజీ, పని కాంట్రాక్టు ఫొటోలు వాట్సాప్‌లో తెప్పించుకోండి. స్కాలర్‌షిప్‌కి అవే సాక్ష్యం. గల్ఫ్‌లో స్కూలు చదివినవాళ్లు అక్కడి మార్క్స్ షీట్లు అక్కడున్నప్పుడే అటెస్ట్ చేయించుకోవాలె. వాపస్ వచ్చినంక తిప్పలే.

మా ఊళ్లో పోయిన ఏడు ఇంటర్ పాసైన ఇద్దరు పిల్లగాళ్లు ఫీజు భయంతో పాస్‌పోర్టుకి పెట్టుకున్నరు. వాళ్ల నాయినలిద్దరూ గల్ఫ్‌లోనే ఉన్నరు. వాళ్లకు ఈ లెక్కలు ఎవరూ చెప్పలే. నీ క్లాస్‌లో అట్లాంటోడు ఒకడు ఉండే ఉంటడు. ఏజెంటు దగ్గరికి పోకముందే వాడికి ఈ పేజీ పంపు.